కంప్యూటర్ క్రాష్ అవుతోంది: తప్పు ర్యామ్‌దా, సాఫ్ట్‌వేర్‌దా? తరచుగా అడిగే ప్రశ్నలు

"సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోంది. ర్యామ్ మార్చమంటారా, ఫార్మాట్ కొట్టమంటారా?" అని వారానికి ఒక్కరైనా ఫోన్ చేస్తారు. అడిగే మనుషులు మారతారు గానీ ప్రశ్న మారదు. ఫోన్‌లో సగం చెప్పి సగం వదిలేస్తే, వాళ్లు తొందరపడి ఫార్మాట్ చేసి పిల్లల ఫొటోలు పోగొట్టుకున్న సందర్భాలు చూశాను. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. (ర్యామ్ అంటే కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ. ఫార్మాట్ అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ వేయడం.) ఎక్కువగా విండోస్ గురించే ఉంటుంది, అడిగేవాళ్లలో చాలామంది వాడేది అదే. మీ సందేహం ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లి చదువుకోండి.

## క్రాష్‌లు మొదలైనప్పుడు

బ్లూ స్క్రీన్ వచ్చింది. ర్యామ్ పోయినట్టేనా?

ఒక్కసారి వస్తే అలా అనుకోనక్కర్లేదు. లోపల ఏదో లెక్క తప్పిందనీ, ఇలాగే నడిస్తే ఫైళ్లు పాడవుతాయనీ గుర్తించి విండోస్ తనంతట తానే ఆగిపోతే వచ్చేది ఆ తెర. లెక్క తప్పించింది డ్రైవర్ (ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్) కావచ్చు, ర్యామ్ కావచ్చు, డిస్క్ కావచ్చు. ఏ రెండు మూడు నెలలకో ఒకటి వస్తే తేదీ, అప్పుడు చేస్తున్న పని రాసిపెట్టుకుని ఊరుకోండి. వారంలో రెండు మూడు వస్తుంటే వెతకాల్సిందే. విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నీలం బదులు నలుపు రంగులో వస్తోంది. రంగు మారింది తప్ప అర్థం అదే.

ర్యామా సాఫ్ట్‌వేరా అని తేల్చడానికి ముందుగా ఏం గమనించాలి?

చోటు గమనించండి. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే క్రాష్ సాధారణంగా ఒకే చోట వస్తుంది. ఫలానా గేమ్ తెరిచినప్పుడో, ప్రింట్ ఇచ్చినప్పుడో, స్లీప్ నుంచి లేచినప్పుడో. ర్యామ్‌లో తప్పుంటే చోటు మారుతూ ఉంటుంది. ఇవాళ బ్రౌజర్, రేపు ఎక్సెల్, ఎల్లుండి ఎవరూ ముట్టుకోకుండానే.

ఎందుకంటే పాడైన చోటు ర్యామ్‌లో ఎప్పుడూ అదే. అందులోకి ఏ ప్రోగ్రామ్ వస్తుందన్నదే ప్రతిసారీ మారుతుంది. లాడ్జిలో ఒక గది పైకప్పు కారుతోందనుకోండి. తడిసేది ఆ రాత్రి ఆ గదిలో దిగినవాళ్లు. రోజుకో మనిషి తడిసిన బట్టలతో కిందికొస్తుంటే తప్పు మనుషులది కాదు, గదిది. చోటు మారడం ఒక్కటే రుజువు కాదు, కానీ ఏ వైపు వెతకాలో చెబుతుంది.

ర్యామ్ పాడైతే సిస్టమ్ అసలు ఆన్ కాదు కదా? మాది ఆన్ అవుతోందే!

పూర్తిగా పోతే ఆన్ కాదు. కానీ ర్యామ్ చాలాసార్లు కొద్దికొద్దిగా పోతుంది. 8 జీబీ ర్యామ్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లు (సున్నానో ఒకటినో దాచే చిన్న గదులు) ఉంటాయి. వాటిలో ఒక్కటి మొరాయించినా మిగతావి చక్కగా పనిచేస్తాయి, విండోస్ లేస్తుంది, సినిమా ఆడుతుంది.

ఒక్క బిట్‌తో ఏమవుతుందో మన లిపిలోనే చూద్దాం. యూనికోడ్‌లో 'క' అక్షరం సంఖ్యకూ 'గ' అక్షరం సంఖ్యకూ మధ్య తేడా సరిగ్గా ఒక్క బిట్. ర్యామ్‌లో ఆ బిట్ తిరగబడితే మీరు టైప్ చేసిన 'కుడి' కాస్తా 'గుడి' అవుతుంది. 'కాలి నొప్పి' వెళ్లి 'గాలి నొప్పి' అవుతుంది. ఏ హెచ్చరికా రాదు, సేవ్ నొక్కితే అలాగే సేవ్ అవుతుంది. అదే బిట్ అక్షరంలో కాకుండా విండోస్ నడవడానికి వాడే చిరునామాలో తిరగబడితే, అప్పుడు క్రాష్.

క్రాష్‌లు తక్కువే గానీ ఫొటోలు, జిప్ ఫైళ్లు పాడవుతున్నాయి. వైరస్ అంటారా?

వైరస్ కన్నా ముందు ర్యామ్‌ను, ఆ తర్వాత డిస్క్‌ను అనుమానించండి. మా మేనమామగారి డీటీపీ సెంటర్‌లో ఇలాగే జరిగింది. పెళ్లిళ్ల సీజన్, రాత్రి పదింటికి శుభలేఖ ప్రూఫ్ తీశారు. పెళ్లికూతురి ఫొటోలో మెడ దగ్గరి నుంచి కింద అంతా అడ్డంగా బూడిద రంగు, గులాబీ రంగు చారలు. ఫొటో పంపినవాళ్ల ఫోన్‌లో బాగానే ఉంది. మళ్లీ కాపీ చేస్తే ఈసారి చారలు నుదుటి దగ్గర మొదలయ్యాయి. వైరస్ అనుకుని రెండుసార్లు ఫార్మాట్ చేశారు, మూడు రోజుల పని ఆగిపోయింది. మెమరీ టెస్ట్ పెడితే ఆరు నిమిషాల్లో తెర ఎర్రబడింది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కొన్ని జీబీల సైజున్న ఫైల్ ఒకటి తీసుకుని, 7-జిప్ రైట్ క్లిక్ మెనూలో ఉండే షా-256 లెక్క (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) వేయించండి. వచ్చిన పొడవాటి సంఖ్యను రాసుకుని, సిస్టమ్ రీస్టార్ట్ చేసి మళ్లీ వేయించండి. అలా నాలుగైదు సార్లు. ఫైల్ మారనప్పుడు సంఖ్య మారకూడదు. మారిందంటే అది హార్డ్‌వేర్ తప్పే. ర్యామో, డిస్కో, దాని కేబులో తర్వాత తేల్చుకోవచ్చు.

ఇదంతా ఎందుకు, ఫార్మాట్ కొట్టేస్తే పోదా?

సాఫ్ట్‌వేర్ తప్పయితే పోవచ్చు. ర్యామ్ తప్పయితే పోకపోగా ఇంకా చెడుతుంది. కొత్త విండోస్ ఫైళ్లు డిస్క్‌కు చేరేది ర్యామ్ గుండానే కాబట్టి, ఇన్‌స్టలేషన్ పుట్టుకతోనే పాడవుతుంది. ఇన్‌స్టాల్ చేస్తుంటే ప్రతిసారీ వేర్వేరు శాతం దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిపోవడం ర్యామ్ తప్పుకు బలమైన గుర్తు. (పెన్‌డ్రైవ్ పాడైనా ఇలాగే ఆగుతుంది. వేరే పెన్‌డ్రైవ్‌తో ఒకసారి చూడండి.)

ఫార్మాట్‌కు ముందు తీసే బ్యాకప్ ఇంకా ప్రమాదం. పాడైన ర్యామ్ మీదుగా కాపీ చేస్తే కాపీలే చెడిపోవచ్చు. పాత బ్యాకప్ ఉంటే దానిమీద కొత్తది రాయకండి, వేరే డిస్క్‌లోకి తీయండి. కుదిరితే డిస్క్ విప్పి ఇంకో సిస్టమ్‌కు తగిలించి కాపీ చేసుకోవడం అన్నిటికన్నా మేలు.

## ఆధారాలు వెతికేటప్పుడు

ఎర్రర్ పేరు చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోంది. ఎలా చూడాలి?

అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. తర్వాతి క్రాష్‌కు తెర అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. జరిగిపోయినవి చూడాలంటే స్టార్ట్ సెర్చ్‌లో 'రిలయబిలిటీ' అని ఇంగ్లిష్‌లో కొట్టి రిలయబిలిటీ హిస్టరీ తెరవండి. రోజుల వారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ఏ రోజున మొదలయ్యాయి, దానికి ముందురోజు ఏ అప్‌డేట్ పడింది, ఏ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయింది అన్నది ఒకే పేజీలో తెలుస్తుంది. ఇంత పనికొచ్చేది విండోస్‌లో ఉందని చాలామందికి తెలియదు.

స్టాప్ కోడ్‌లో (బ్లూ స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ పేరు) 'మెమరీ' అనే మాట ఉంది. ఇక ర్యామే కదా?

ఆ పేరు చూసి ర్యామ్ కొనకండి. 'మెమరీ మేనేజ్‌మెంట్' అంటే మెమరీని పంచిపెట్టే లెక్కలో తేడా వచ్చిందని. ఆ లెక్కను చెడు ర్యామూ చెడగొడుతుంది, చెడు డ్రైవరూ చెడగొడుతుంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంఘటన గుర్తుందా? విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాస్‌లు రాసిచ్చిన రోజు. ఆ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయి. ఆ తెరల మీద కనిపించింది 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా'. మామూలు రోజుల్లో ఆ పేరు కనిపిస్తే "ర్యామ్ మార్చండి" అని చెప్పేవాళ్లు ఎందరో. ఆ రోజున ఏ ర్యామూ చెడలేదు. కోడ్ చెప్పేది ఎక్కడ ఆగిందో మాత్రమే, ఎవరి వల్ల అన్నది కాదు.

అయితే ఏ కోడ్ వస్తే ఎటు వెళ్లాలి?

'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు. 'కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్' అయితే ముందు డిస్క్ చూడండి. 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్' స్లీప్‌కు సంబంధించిన డ్రైవర్ గొడవ. 'వియా (WHEA) అన్‌కరెక్టబుల్ ఎర్రర్' అయితే ఫిర్యాదు చేస్తున్నది ప్రాసెసరే కాబట్టి హార్డ్‌వేర్ వైపు వెళ్లాలి, అయితే అది ర్యామే కానక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన ఆధారం ఒకే కోడ్ తిరిగి తిరిగి రావడమా, రోజుకో కొత్త కోడ్ రావడమా అన్నది. ఐదు క్రాష్‌లకు ఐదు రకాల కోడ్‌లు వస్తే నేను నేరుగా మెమరీ టెస్ట్‌కు వెళ్తాను.

ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన లాగ్‌లు చూపించే చోటు) నిండా 'కెర్నల్-పవర్ 41' ఉంది. పవర్ సప్లై పోయిందా?

41 అంటే "కిందటిసారి సరిగా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ లేచాక రాసుకున్న నోట్ మాత్రమే. కరెంటు పోయినా, మీరు బటన్ నొక్కి పట్టుకున్నా, క్రాష్ అయినా అదే పడుతుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ చూడండి. సున్నా కాకుండా ఏదైనా ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చింది. సున్నా అయితే విండోస్‌కు రాసుకునే సమయం కూడా దొరకలేదు, అంటే కరెంటు, యూపీఎస్, పవర్ సప్లై, వేడి, లేదా పూర్తిగా బిగుసుకుపోవడం.

మినీడంప్ ఫైళ్లు (క్రాష్ అయిన క్షణంలో విండోస్ దాచిన వివరాలు) ఉన్నాయి. వాటిని చదవడం మనవల్ల అవుతుందా?

కొంతవరకు అవుతుంది. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిస్తే ప్రతి క్రాష్‌కూ ఒక వరుస, దాని పక్కన అనుమానించిన డ్రైవర్ పేరు కనిపిస్తాయి. ఐదింటిలోనూ ఒకే డ్రైవర్ పేరుంటే, అదీ బయటి కంపెనీదైతే, సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గండి. ప్రతిసారీ పేరు మారుతున్నా, విండోస్ కెర్నల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం) పేరు మాత్రమే వస్తున్నా ర్యామ్ అనుమానం బలపడుతుంది. కెర్నల్ పేరు వచ్చింది కదా అని విండోస్‌ను తప్పు పట్టకండి. చాలాసార్లు అది శవం దొరికిన చోటు మాత్రమే.

## మెమరీ టెస్ట్ పెట్టేటప్పుడు

విండోస్‌లో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ సరిపోతుందా?

మొదటి జల్లెడగా సరిపోతుంది. సెర్చ్‌లో పేరు కొట్టి రీస్టార్ట్ ఇవ్వండి. టెస్ట్ మొదలవగానే ఎఫ్1 నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకోండి. మామూలుగా నడిచే 'స్టాండర్డ్' పైపైన చూసి వదిలేస్తుంది. అయిపోయాక ఫలితం కనిపించకుండా పోయిందని చాలామంది అంటారు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద 'మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్' అని వెతకండి, అక్కడ ఉంటుంది. ఇది తప్పు చూపిస్తే నమ్మండి. చూపించకపోతే మాత్రం ర్యామ్ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వకండి.

మెమ్‌టెస్ట్86, మెమ్‌టెస్ట్86 ప్లస్... రెండిట్లో ఏది వాడాలి?

ఏదైనా పర్లేదు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. మొదటిదాన్ని ఇప్పుడు పాస్‌మార్క్ కంపెనీ నడుపుతోంది, ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌ల (పరీక్ష మొత్తం ఒకసారి పూర్తయితే ఒక పాస్) వరకు చేయొచ్చు. ప్లస్ పూర్తిగా ఓపెన్ సోర్స్, పాస్‌ల పరిమితి లేదు. రెండూ విండోస్‌తో సంబంధం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తాయి. అందుకే వీటి మాటకు విలువ. విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, యాంటీవైరస్ లేదు. ఆ స్థితిలో ఎర్రర్ వస్తే సాఫ్ట్‌వేర్ మీద నెట్టడానికి ఏమీ మిగలదు.

పెన్‌డ్రైవ్ పెట్టినా బూట్ అవ్వడం లేదు. సెక్యూర్ బూట్ తీసేయనా?

ఆగండి. సంతకం లేని ప్రోగ్రామ్‌లతో సిస్టమ్ లేవకుండా ఆపే కాపలా అది. తీసేముందు బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం) సంగతి చూడండి. ఈ మధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చగానే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోదు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందు దాన్ని తెరిచి కాగితం మీద రాసుకుని, అప్పుడు బయోస్‌లోకి (విండోస్‌కు ముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్లండి. ర్యామ్ టెస్ట్ కోసం వెళ్లి డేటా మొత్తానికే తాళం వేసుకున్నవాళ్ల టెన్షన్ చూశాను. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

ఎంతసేపు నడపాలి?

రాత్రి పడుకునే ముందు పెట్టి పొద్దున్నే చూడండి. కనీసం నాలుగు పాస్‌లు పూర్తికావాలి. ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత సమయం పడుతుంది. బాగా చెడిన స్టిక్ (ర్యామ్ పట్టీ) నిమిషాల్లో దొరికిపోతుంది, అప్పుడు మిగతా టెస్ట్ ఆపేయొచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి.

రాత్రంతా నడిస్తే ఒకే ఒక్క ఎర్రర్ వచ్చింది. ఒక్కటే కదా, వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. ర్యామ్‌లో పాస్ మార్కులు 35 కావు, నూటికి నూరు రావాలి. రాసింది రాసినట్టు తిరిగి ఇవ్వడం తప్ప దానికి ఇంకో పని లేదు. ఒకసారి తప్పినది మళ్లీ తప్పుతుంది.

ఎర్రర్ పక్కన చిరునామా కూడా చూడండి. ప్రతిసారీ అదే చిరునామా, అదే బిట్ అయితే ర్యామ్ చిప్‌లో ఆ చోటు పోయింది. చిరునామాలు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటే స్టిక్ మంచిదే అయ్యుండి స్పీడ్ సెట్టింగో, స్లాట్ పట్టో, పవరో తేడా కావచ్చు. అలాంటప్పుడు కొనేముందు సెట్టింగ్‌లు మామూలుకు తెచ్చి మళ్లీ టెస్ట్ చేయండి.

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ర్యామ్ మీద అనుమానం పూర్తిగా వదిలేయొచ్చా?

చాలావరకు. పూర్తిగా కాదు. టెస్ట్ జరిగేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది, కేబినెట్ చల్లగా ఉంటుంది, పవర్ సప్లై మీద బరువుండదు. గేమ్‌లో గంట గడిచాక వచ్చే తప్పు ఆ ప్రశాంతతలో బయటపడకపోవచ్చు. నాలుగు పాస్‌లు శుభ్రంగా ఉంటే నేను సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తాను. అక్కడా ఏమీ దొరక్కపోతే ఒక్కో స్టిక్‌తో కొన్ని రోజులు నడిపి చూస్తాను.

మాకు ఎండాకాలంలోనే వస్తోంది. వేడికి ర్యామ్ చెడుతుందా?

వేడి మొదట దెబ్బతీసేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లైలనే. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ లేని గదిలో సిస్టమ్ నడుస్తుంటే ముందు ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులపండి, ప్రాసెసర్ థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో చూడండి. గూగుల్ డేటా సెంటర్ల ర్యామ్‌లపై 2009లో వెలువడిన పరిశీలనలో, అందరూ అనుకున్నంత ప్రభావం ఉష్ణోగ్రతకు లేదని తేలింది. ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా స్టిక్‌లలో తప్పులు కనిపించాయి, చాలావాటికి కారణం చిప్‌లోని శాశ్వత లోపాలే. అయితే డేటా సెంటర్లో ఏసీ ఉంటుంది, మన హాల్లో 43 డిగ్రీలుంటుంది. అందుకని వేసవి మధ్యాహ్నం క్రాష్ అవుతుంటే టెస్ట్ కూడా మధ్యాహ్నమే పెట్టండి.

## కేబినెట్ విప్పాక

కొత్త సిస్టమ్. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాకే క్రాష్‌లు మొదలయ్యాయి. ర్యామ్ డూప్లికేటా?

కానక్కర్లేదు. ఎక్స్‌ఎంపీ, ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో... ఇవి ర్యామ్‌ను మామూలుకన్నా వేగంగా నడిపే సెట్టింగ్‌లు, ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తాయి. పెట్టె మీద 6000 అని రాసి ఉన్నా, మీ ప్రాసెసర్, మీ బోర్డు ఆ వేగాన్ని మోయగలగాలి. బయోస్‌లో దాన్ని ఆఫ్ చేసి వారం నడపండి. క్రాష్‌లు ఆగితే స్టిక్ బాగానే ఉంది, వేగమే ఎక్కువైంది. బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి, లేదా ఒక మెట్టు తగ్గించండి. డీడీఆర్5లో (కొత్త తరం ర్యామ్) నాలుగు స్లాట్లూ నింపితే వేగం తగ్గించక తప్పని బోర్డులు చాలా ఉన్నాయి.

ర్యామ్ తీసి రబ్బరుతో తుడిస్తే బాగవుతుందంటారు. నిజమేనా?

స్టిక్ కింది బంగారు పూత పళ్ల మీద మురికి, తేమ పేరుకుని పట్టు సరిగా లేకపోతే నిజంగానే బాగవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది తరచుగా చూస్తాం. చిప్‌లోనే లోపముంటే ఎంత తుడిచినా ఫలితముండదు. పెన్సిల్ చెరిపే మెత్తటి తెల్ల రబ్బరుతో, ఒకే దిక్కుకు, తేలిగ్గా తుడవండి. గరుకు రబ్బరు పూతను గీసేస్తుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా బ్రష్‌తో దులపండి. దీనికి ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. మన ఒంట్లోని స్టాటిక్ అక్కడే పోతుంది. స్టిక్‌ను అంచులతోనే పట్టుకోవాలి.

రెండు స్టిక్‌లున్నాయి. ఏది పాడైందో ఎలా?

ఒకటి తీసేసి, రెండోదాన్ని బోర్డు మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టి (నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది) టెస్ట్ నడపండి. తర్వాత అదే స్లాట్‌లో మొదటిది పెట్టి నడపండి. ఒక స్టిక్‌కే ఎర్రర్లు వస్తే, దాన్ని వేరే స్లాట్‌లో కూడా పెట్టి చూడండి. ఎర్రర్ స్టిక్‌తో పాటు వెళ్తే స్టిక్ తప్పు. స్టిక్ ఏదైనా అదే స్లాట్‌లో వస్తుంటే బోర్డు తప్పు, లేదా ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్ తప్పు. విడివిడిగా రెండూ బాగుండి, కలిపితేనే ఎర్రర్లు వస్తే అవి ఒకదానికొకటి పొసగడం లేదు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు కంపెనీలవి కొని కలిపినప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది.

స్టిక్‌లకు చిన్న చిన్న టేపు ముక్కలు అంటించి ఒకటి, రెండు అని రాసుకోండి. మూడో మార్పుకే ఏది ఏదో మరిచిపోతాం.

ర్యామ్ మార్చి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. ఇంకేదో పాడుచేశానా?

డీడీఆర్5 అయితే కంగారు పడకుండా ఐదు పది నిమిషాలు ఆగండి. కొత్త స్టిక్‌ను బోర్డు మొదటిసారి పరిచయం చేసుకోవడాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు, దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికీ రాకపోతే స్టిక్ పూర్తిగా దిగలేదేమో చూడండి. చివరల్లో 'టక్' అని గొళ్లెం పడాలి.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది. అప్పుడు?

టెస్ట్ వరకు అంతా మామూలే, మార్చడమే కుదరదు. ఎర్రర్ వస్తే వారంటీలో బోర్డు మార్పించుకోవడమే దారి. టెస్ట్ తెరను ఫొటో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపించండి, "మా దగ్గర బాగానే నడుస్తోంది" అనే మాట రాకుండా.

## సాఫ్ట్‌వేర్ వైపు వెతికేటప్పుడు

సేఫ్ మోడ్‌లో గంటలు గంటలు బాగానే నడుస్తోంది. దీని అర్థమేంటి?

డ్రైవర్ అనుమానం బలపడిందని. సేఫ్ మోడ్‌లో విండోస్ తప్పనిసరి డ్రైవర్లతోనే లేస్తుంది. పాడైన ర్యామ్‌కు ఏ మోడ్ అయినా ఒకటే, అక్కడా ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. అయితే సేఫ్ మోడ్‌లో ర్యామ్ వాడకం తక్కువ కాబట్టి పాడైన చోటికి పని చేరకపోవచ్చు. పావుగంట చూసి తేల్చేయకండి. ఆ తర్వాత ఈ మధ్య మారిన డ్రైవర్లను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోండి, గ్రాఫిక్స్‌తో మొదలుపెట్టి. ఒకేరోజు నాలుగు మార్చితే ఏది మందుగా పనిచేసిందో తెలియదు.

రోజూ షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తున్నా అదే తప్పు. సాఫ్ట్‌వేర్ అయితే పోవాలి కదా?

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచి మర్నాడు తిరిగి తెస్తుంది. నిన్నటి తప్పు కూడా వెంట వస్తుంది. రీస్టార్ట్ నొక్కితే అలా కాదు, అంతా కొత్తగా మొదలవుతుంది. రీస్టార్ట్ తర్వాత బాగుండి, షట్‌డౌన్ తర్వాత చెడుతుంటే ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి.

ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ (విండోస్ తన ఫైళ్లను తానే సరిచూసుకునే పరీక్ష) చేస్తే పాడైన ఫైళ్లు బాగుచేశానని చెప్పింది. సమస్య తీరినట్టేనా?

రెండు రోజులాగి మళ్లీ స్కాన్ చేయండి. ఈసారి ఏమీ లేదంటే తీరినట్టే. మళ్లీ కొత్త ఫైళ్లు పాడయ్యాయంటే వాటిని పాడుచేసేది ఇంకా లోపలే ఉంది. ర్యామ్, డిస్క్ రెండూ పరీక్షించాలి.

లైనక్స్ వేసి చూస్తే తేలుతుందా?

మంచి ఉపాయం. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లైవ్‌లో ఒక రోజు పని చేసుకోండి. అక్కడా ప్రోగ్రామ్‌లు చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంటే విండోస్ నిర్దోషి.

ఈ తికమక మనకే కాదు. 2022 అక్టోబర్‌లో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ సొంత మెషీన్‌లో ర్యామ్ స్టిక్ పాడైంది. కొత్త కెర్నల్‌లో లోపమా, హార్డ్‌వేరా అని తేల్చుకోవడానికి ఆయనకూ సమయం పట్టింది. ఆ కెర్నల్‌ను చూసుకునేది ఆయనే. అలాంటిది మీకు రెండు రోజులు పట్టిందని బాధపడాల్సింది లేదు.

## రెండూ కాదని తేలితే

ర్యామ్ టెస్ట్ శుభ్రం, విండోస్ కొత్తది, అయినా క్రాష్ అవుతోంది. ఇంకేముంది?

మూడోది తప్పకుండా ఉంటుంది. బరువు పడినప్పుడు టక్కున ఆగిపోయి తెర కూడా రాకపోతే పవర్ సప్లై. కాసేపు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంటే డిస్క్. స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే వివరం) చూడండి, డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి.

ప్రాసెసర్ కూడా చెడుతుంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజ్ వల్ల కాలక్రమంలో దెబ్బతిన్నాయని 2024లో తేలింది. గేమ్‌లలో "వీడియో మెమరీ చాలడం లేదు" అనే ఎర్రర్ వచ్చేది, జనం గ్రాఫిక్స్ కార్డునూ ర్యామ్‌నూ తిట్టుకున్నారు. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ ఇకముందు చెడకుండా కాపాడుతుందే గానీ, అప్పటికే చెడినదాన్ని బాగుచేయదు. మీది ఆ తరందైతే బయోస్ అప్‌డేట్ చేసి, క్రాష్‌లు ఆగకపోతే వారంటీ అడగండి.

## మార్చేటప్పుడు, మార్చాక

ర్యామ్‌కు వారంటీ ఉంటుందా?

విడిగా కొన్న స్టిక్‌లకు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. బిల్లు పోయినా స్టిక్ మీది సీరియల్ నంబర్‌తో అడిగి చూడండి. ఆ స్టిక్కర్ మాత్రం పీకకండి. జత ప్యాక్‌గా కొంటే రెండూ కలిపి పంపమంటారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ఈ పని బద్ధకించకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

డీడీఆర్5లో ఈసీసీ (తప్పు బిట్‌ను పట్టి సరిచేసే ఏర్పాటు) ఉందంటున్నారు. ఇక ఈ బాధ ఉండదా?

డీడీఆర్5లో ఉన్నది చిప్ లోపలి సవరణ మాత్రమే. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పును అది పట్టుకోదు, తప్పు జరిగిందని మీకు చెప్పదు కూడా. సర్వర్లలో వాడే అసలు ఈసీసీ వేరే, దానికి బోర్డు, ప్రాసెసర్, స్టిక్ మూడూ సహకరించాలి.

పాడైన స్టిక్ మార్చేశాను, ఇప్పుడు బాగుంది. ఆ రోజుల్లో సేవ్ చేసిన ఫైళ్ల సంగతేంటి?

ఇది అడిగేవాళ్లు తక్కువ, అందరూ అడగాలి. రిలయబిలిటీ హిస్టరీలో మొదటి ఎర్ర గుర్తు తేదీ చూసి, దానికి ఒక నెల ముందు నుంచి స్టిక్ మార్చిన రోజు వరకు మారిన ఫైళ్లను తేదీ వారీగా పేర్చండి. ఫొటోలను పెద్ద థంబ్‌నెయిల్స్‌లో పరిచి చూస్తే చారలున్నవి కంటికి దొరుకుతాయి. జిప్‌లను 7-జిప్‌లో టెస్ట్ చేయండి. లెక్కల ఎక్సెల్ షీట్లలో మొత్తాలను కాగితంతో సరిచూడండి, ఒక అంకె మారినా ఫైల్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి. ఫోన్‌లోనో, మెయిల్‌లోనో అసలు కాపీ ఉన్నవాటిని మళ్లీ తెచ్చుకోండి. విండోస్‌ను మాత్రం ఇప్పుడు, మంచి ర్యామ్ మీద, ఒకసారి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి.